బయట నిలబడి చూసే గాలివాన

సభకు నమస్కారం.

గాలివానల ఫొటోల గురించి విశాఖలో మాట్లాడమన్నప్పుడు కొంత తటపటాయించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ ఊరి మీదుగానే వెళ్లింది. ఆ రోజును ఇంట్లో తలుపులు బిగించుకుని గడిపినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉంటారు. అలాంటివాళ్ల ముందు నిలబడి, గాలివాన ఎక్కడ పుడుతుందో లెక్కలు వేసుకుని, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని, వెతుక్కుంటూ వెళ్లే మనుషులు ఉన్నారని, వాళ్లలో నేనూ ఒకడినని చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది. మా అత్తగారైతే దీన్ని పనిలేని పని అంటారు. టెక్సాస్‌లో నేను చేసే ఉద్యోగం వేరు. దాచుకున్న సెలవులన్నీ మే నెలలో దీనికే పోతాయి కాబట్టి ఆవిడ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఇలా తిరిగేవాళ్లను అమెరికాలో స్టార్మ్ ఛేజర్లు అంటారు. టీవీలో మీరు చూసేది వాళ్ల రోజులో చివరి అయిదు నిమిషాలు మాత్రమే. ఊగిపోయే కెమెరా, కారులో కేకలు, ఎదురుగా టోర్నడో, అంటే మేఘం నుంచి నేల దాకా దిగే సుడిగాలి. అది చూస్తే వీళ్లంతా ప్రాణాలతో చెలగాటమాడే బాపతు అనిపిస్తుంది. అలాంటివాళ్లు లేరని చెప్పను, ఈమధ్య కాస్త ఎక్కువయ్యారు కూడా. కానీ నాకు తెలిసినవాళ్లలో చాలామంది నెమ్మదస్తులు. లారీని దాటి వెళ్లడానికి కూడా రెండుసార్లు ఆలోచిస్తారు. వీళ్లను ఇళ్లలోంచి లాక్కొచ్చేది భయంలో ఉండే మజా అయితే, రోజుకు పది గంటలు కారు నడిపి, ఏమీ చూడకుండా తిరిగొచ్చి, మర్నాడు మళ్లీ బయల్దేరరు.

మరి ఏమిటది? నాకు తోచిన సంగతి చెబుతాను. మన తుఫానుకు బయట అంటూ ఉండదు. బంగాళాఖాతంలో పుట్టి వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. దాని పూర్తి రూపం ఉపగ్రహానికే కనిపిస్తుంది. కింద ఉన్నవాడికి కనిపించేది బూడిదరంగు ఆకాశం, వంగిపోతున్న కొబ్బరిచెట్లు, కరెంటు పోయాక చీకటి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అక్కడున్నవాళ్లు దాన్ని చూశారని అనలేం. వాళ్లు దాని లోపల ఉన్నారు.

అమెరికా నడిమి మైదానాల్లో లేచే సూపర్‌సెల్, అంటే మొత్తంగా తిరిగే పెద్ద ఉరుముల మేఘం, అలాంటిది కాదు. వెడల్పు ఏ పదో ఇరవయ్యో కిలోమీటర్లు, ఎత్తు పదిహేను కిలోమీటర్ల దాకా. చుట్టుపక్కల చాలాసార్లు ఎండే ఉంటుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో నిలబడితే చదునైన అడుగు నుంచి దాగలిలా పరుచుకున్న నెత్తి దాకా మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. ఓపిగ్గా చూస్తే అంత మేఘమూ మెల్లగా తిరుగుతున్నట్టు కంటికి తెలుస్తుంది. అక్కడ చెట్లు తక్కువ. వందేళ్లకు ముందే నేలను గళ్లుగా కొలిచి పంచిన పుణ్యాన చాలా జిల్లాల్లో మైలుకొక రోడ్డు ఉంది. అంత పెద్ద సంగతిని, సురక్షితమైన దూరంలో, నేల మీద నిలబడి, మొత్తంగా చూసే వీలు ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. అందుకే ఇంగ్లండు నుంచి, జపాన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి జనం టికెట్లు కొనుక్కుని ఆ మైదానాల్లోని ఒక్లహామా రాష్ట్రానికి వస్తారు.

అయితే దాన్ని చూడాలంటే అది పుట్టే చోటికి ముందే చేరాలి. అసలు ఆకర్షణ అక్కడుందని నా నమ్మకం. వసంతంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి దక్షిణపు గాలి తేమను మోసుకొస్తుంది. నైరుతి నుంచి, ఎత్తైన ఎడారి నేలల మీదుగా పొడిగాలి వస్తుంది. ఈ రెండూ ఒరుసుకునే గీత దగ్గర మేఘాలు లేవడానికి సిద్ధంగా ఉంటాయి. కానీ నేలకు కొంత ఎత్తున ఉండే వెచ్చని గాలిపొర, గంజి కాగే గిన్నె మీద మూతలా వాటిని లేవనివ్వదు. మూత మరీ బరువైతే పొద్దుగూకే దాకా ఏమీ జరగదు. మరీ తేలికైతే మధ్యాహ్నానికే అన్నిచోట్లా చిన్నాచితకా జల్లులు పడి శక్తి అంతా వృథా అయిపోతుంది. సరిగ్గా కుదిరితే నాలుగైదు గంటల వేళ మూత ఒకచోట లేచి, అప్పటిదాకా కాగినదంతా అక్కడి నుంచే పైకి తన్నుకొస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగమూ దిక్కూ మారుతుంటే, లేచే ఆ గాలి తిరగడం మొదలుపెడుతుంది. ఇంత జరిగినా, సూపర్‌సెల్స్‌లో ఎక్కువ వాటికి టోర్నడో పుట్టదు.

పొద్దున ఏడెనిమిది గంటలకు వాతావరణ బెలూన్ల లెక్కలు అందుతాయి. ఒక్లహామాలోని నార్మన్ పట్టణంలో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఆ రోజు ముప్పున్న ప్రాంతాన్ని పటం మీద గీసిపెడుతుంది. ఆ గీత లోపల ఒక్కోసారి మన రెండు తెలుగు రాష్ట్రాలు పడతాయి. అందులో సాయంత్రం అయిదింటికి ఏ ఊరి పొలిమేరలో నిలబడాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇప్పుడు ఫోనులోనే రాడార్ కనిపిస్తుంది. డేవిడ్ హోడ్లీ 1956లో ఉత్తర డకోటాలో ఈ వేట మొదలుపెట్టేనాటికి వాతావరణ ఉపగ్రహమే లేదు. ఆయనకు డిగ్రీ పట్టా ఈ శాస్త్రంలో లేదు, జీతమిచ్చేవారు లేరు. తర్వాత 1977లో తనలాంటివాళ్ల కోసం ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. శాస్త్రవేత్తలు గట్టిగా దిగింది ఆయన వేట మొదలుపెట్టిన చాలా ఏళ్లకే. 1973 మే 24న ఒక్లహామాలోని యూనియన్ సిటీ టోర్నడోను పుట్టుక నుంచి అంతం దాకా ఫొటోలు, సినిమా రీళ్లలో పట్టారు. అదే సమయంలో, మేఘం లోపలి గాలి వేగాన్ని కొలిచే డాప్లర్ రాడార్ కూడా దాన్ని చూస్తూ ఉంది. నేల మీద కన్ను, రాడార్ తెర ఒకే సుడిని చూసిన ఆ సాయంత్రం వల్లనే ఈరోజు హెచ్చరికలు ముందుగా వస్తున్నాయి. కెమెరా పట్టుకుని తిరగడం పూర్తిగా పనిలేని పని కాదని మా అత్తగారితో చెప్పడానికి నాకున్న ఒకే ఆధారం ఇది.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. పశ్చిమ ఒక్లహామాలో ఒక చిన్న ఊరు, ఒక పెట్రోలు బంకు. మధ్యాహ్నం రెండింటి నుంచి అక్కడే ఉన్నాం. మాలాంటి కార్లు ఇంకో అరడజను. ఆకాశంలో ఏమీ లేదు. ఒకాయన కుర్చీ వేసుకుని నిద్రపోయాడు. బంకులో అమ్మాయి మమ్మల్ని చూసి, ఇవాళ ఏదో రాబోతోందన్నమాట అని వాళ్లమ్మకు ఫోను చేసింది. నాలుగున్నరకు పడమటి దిక్కున ఒక మేఘం లేచి, కరిగిపోయింది. మరొకటి లేచి, అదీ కరిగింది. మూడోదాని అంచులు గట్టిగా, తెల్లగా, స్పష్టంగా నిలిచాయి. నిద్రపోతున్నాయన ఎవరూ లేపకుండానే లేచాడు. గంట తర్వాత మేము దానికి ఆగ్నేయంగా ఒక గోధుమ చేను పక్కన ఉన్నాం. అక్కడ తెలిసింది నాకు ఏ ఫొటోలోనూ దొరకని సంగతి. గాలి మేఘం నుంచి మా మీదికి రావడం లేదు. మా వీపు వెనక నుంచి, వెచ్చగా, తడిగా, ఆగకుండా మేఘం వైపు పోతోంది. గోధుమ కంకులన్నీ దాని వైపే వంగి ఉన్నాయి. అంత ఎత్తు మేఘం మా కాళ్ల దగ్గరి గాలిని తాగుతోంది. ఆ గాలి ఒక్కసారి ఆగి చల్లగా ఎదురు తిరిగిందంటే మాత్రం కారెక్కి కదలాలి. వానా వడగళ్లూ దగ్గరపడుతున్నాయని అర్థం.

ఆ రోజు టోర్నడో రాలేదు. ఫొటో మాత్రం బాగా వచ్చింది. ఇది నా పక్షపాతమే అనుకోండి, నాకు టోర్నడో బొమ్మకన్నా మేఘం మొత్తం కనిపించే బొమ్మే గొప్ప. మిచ్ డోబ్రౌనర్ అనే ఆయన వీటిని నలుపు తెలుపుల్లోనే తీస్తాడు. 2012లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీలో అత్యున్నత బహుమతి ఆయనకే వచ్చింది. ఆ ఫొటోల్లో మనిషి ఉండడు. ఏ మూలో ఒక ఇల్లో, ఒక రోడ్డో ఉంటుంది. కొలత తెలియడానికి అది చాలు.

ఇక్కడ ఆ ఇంటి గురించి మాట్లాడక తప్పదు. 2013 మే 20న ఒక్లహామాలోని మూర్ పట్టణంలో టోర్నడో 24 మందిని బలిగొంది. అందులో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు ఏడుగురు. సరిగ్గా 11 రోజుల తర్వాత, అక్కడికి దగ్గరలోనే, ఎల్ రీనో. ఆ రోజు టిమ్ సమరాస్ కూడా రోడ్డు మీద ఉన్నాడు. 2003లో దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర టోర్నడో దారిలో తాను తయారుచేసిన పరికరాన్ని పెట్టి, గాలిపీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని కొలిచిన మనిషి ఆయన. ఈ రంగంలో జాగ్రత్తకు పేరు పడ్డవాడు. ఎల్ రీనో టోర్నడో చూస్తుండగానే 4.2 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగింది. నమోదైన వాటిలో అదే అన్నింటికన్నా వెడల్పైనది. దిక్కు మార్చింది, వేగం పెంచింది, వాన దాన్ని కప్పేసింది. ఎక్కడ అంచు ముగుస్తుందో ఎవరికీ తెలియలేదు. బయట ఉన్నామనుకున్నవాళ్లు లోపల ఉన్నారు. సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ చనిపోయారు.

ఆ తర్వాత చాలామంది దూరం పెంచారు. కొందరు మానేశారు. ఇంకా దగ్గరగా వెళితేనే వీడియోకు గిరాకీ అని నమ్మేవాళ్లు మాత్రం తగ్గలేదు, నాకు వాళ్ల మీద గౌరవం లేదు. నిజానికి ఛేజర్లను ఎక్కువగా చంపింది టోర్నడో కాదు, రోడ్డు. అలసట, తడి, రాత్రి, ఒకే దారిలో వందల కార్లు. 2022 ఏప్రిల్‌లో ఒక్లహామా విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్ర విద్యార్థులు ముగ్గురు ఛేజ్ నుంచి తిరిగివస్తూ రోడ్డు ప్రమాదంలో పోయారు.

తుఫానుకు బయట ఉండదన్నాను కదా, దాని లోపలికే కావాలని వెళ్లేవాడూ ఒకడున్నాడు. జోష్ మోర్గర్‌మన్ హరికేన్లనే పెద్ద తుఫానుల నడుమ నిలబడి పీడనం కొలుస్తాడు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్‌ను హయాన్ తుఫాను తాకినప్పుడు ఆయన అక్కడే ఒక హోటల్లో ఉన్నాడు. ఉప్పెన నీళ్లు కింది అంతస్తులోకి వచ్చినప్పుడు ఆయన బృందం చిత్రీకరణ ఆపి, గదుల్లో చిక్కుకున్నవాళ్లను బయటికి లాగింది. కెమెరా ఎప్పుడు కింద పెట్టాలన్న ప్రశ్నకు నేను ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం ఇవ్వలేను.

మీలో కెమెరా ఉన్నవాళ్లకు ఒక మాట. మీకూ ఒక బయట ఉంది, సముద్రం. ఏప్రిల్, మే నెలల్లో తూర్పు కనుమల మీద మధ్యాహ్నం లేచిన క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు కొన్ని రోజులు సాయంత్రానికి సముద్రం వైపు జరుగుతాయి. దూరంగా వెళ్లిపోయిన మేఘాన్ని, లోపల మెరుపులు వెలుగుతుండగా, చీకటి పడ్డాక ఒడ్డు నుంచి మొత్తంగా చూడవచ్చు. ట్రైపాడ్ మీద, ఫోకస్ చేత్తో దూరానికి పెట్టి, షట్టర్ ఇరవై ముప్పై సెకన్లు తెరిచి ఉంచండి, వరసగా తీస్తూ పోండి. పది ఖాళీవి వచ్చాక ఒకటి దొరుకుతుంది. కానీ మన మేఘాలు తక్కువవి కావు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టండి, మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినబడితే ఒడ్డు మీద ఉండకూడదు. ఇంటికి పోవాలి, లేదా కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకోవాలి. కారులో కాపాడేది టైర్లలోని రబ్బరు కాదు, చుట్టూ ఉన్న ఇనుప రేకు. ట్రైపాడ్ సర్దుకునే సమయం లేకపోతే వదిలేసి రండి, కెమెరా తడిస్తే బాగుచేయించుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.