సమ్మర్ క్యాంపులో ప్రాంక్: సరదానా, ఏడిపించడమా?

(ఒక క్యాంపులో పదకొండేళ్ల తెలుగు అబ్బాయి చేతికి సంచి ఇచ్చి, రాత్రిపూట ‘స్నైప్ వేట’ అంటూ చెట్ల మధ్య వదిలేసిన వీడియో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని మీద డాలస్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. కౌన్సెలర్ అంటే ఇక్కడ క్యాంపులో పిల్లల్ని చూసుకునేవాడు. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.)

యాంకర్: నమస్కారం. ఇవాళ రెండు వైపులా సమానంగా వింటాం. నా ప్రశ్న ఒకటే, మనం పిల్లల్ని మరీ గారాబంగా పెంచుతున్నామా?

తల్లి: గారాబం సంగతి తర్వాత అండీ. ఆ పిల్లాడు ఎలా ఏడుస్తున్నాడో చూశారా మీరు?

మాజీ కౌన్సెలర్: ఆంటీ, ఒక్క నిమిషం. స్నైప్ వేట అంటే ఏంటో ముందు చెప్పనివ్వండి. కొత్తగా వచ్చినవాడికి సంచి ఇచ్చి, ‘నోరు తెరిచి పట్టుకో, మేం అటునుంచి పిట్టను తోలుకొస్తాం’ అంటారు, ఎవరూ తోలరు, వాడు అలా నిలబడే ఉంటాడు. స్నైప్ అనే పిట్ట నిజంగానే ఉంది, అయితే అది అలా సంచిలోకి వచ్చి పడదు. నన్నూ పంపారు. మర్నాడు అందరితో కలిసి నవ్వాను, ఆ రోజు నుంచే ఆ క్యాబిన్‌లో నేనూ ఒకణ్నయ్యాను.

సైకాలజిస్ట్: అక్కడే నేనొక మాట...

మాజీ కౌన్సెలర్: పూర్తి చేయనివ్వండి డాక్టర్ గారూ. 1861లో, సివిల్ వార్ రోజుల్లో, కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్‌మాస్టర్ తన బడి పిల్లల్ని సముద్రం ఒడ్డుకి నడిపించుకెళ్లి గుడారాల్లో ఉంచాడు. సైనికుల్లా ఉండాలని పిల్లలకే ఉబలాటం! అమెరికాలో క్యాంపులు అక్కడే మొదలయ్యాయంటారు.

తల్లి: సైనికుల్లా ఉండాలని చీకట్లో వదిలేస్తారా బాబూ?

యాంకర్: అదే, గారాబం అంటున్నది అందుకే...

సైకాలజిస్ట్: దుప్పటి సగానికి మడిచి పరుస్తారు, పడుకున్నవాడికి కాళ్లు చాపడం కుదరదు. వాడూ లేచి నవ్వుతాడు, రేపు తిరిగి చేస్తాడు. నిద్రపోతున్నవాడి చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో పెట్టి పక్క తడుపుతాడా అని చూడటం ఇంకో రకం. రెండింటినీ ప్రాంక్ అనే అంటున్నాం. ఆ రెండోది జరిగిన పిల్లాడు మళ్లీ ఆ క్యాబిన్‌లో తలెత్తుకుని...

మాజీ కౌన్సెలర్: అది మేమూ చేయనివ్వం! ఒక్క చెడ్డ ఉదాహరణ పట్టుకుని అన్నీ ఆపేయమంటారు, ఇదే నాకు కోపం. పిల్లలు కౌన్సెలర్ల మీద ఎన్ని చేస్తారు! మా టెంటు నిండా బెలూన్లు కుక్కారు, ఎవరూ ఏడవలేదు.

సైకాలజిస్ట్: నేననేదీ అదే. మన పెళ్లిళ్లలో పెళ్లికొడుకు చెప్పులు దాస్తారు. ఆ రోజు పెద్దరికం అతనిది, మరదళ్లు చిన్నవాళ్లు, అందుకే అది సరదా. ఇక్కడ పెద్దవాళ్లంతా కలిసి ఒక్క కొత్తవాణ్ని...

యాంకర్: చెప్పులు అంటే గుర్తొచ్చింది, మా పెళ్లిలో ఐదొందల దగ్గర బేరం మొదలై ఎక్కడిదాకా పోయిందో! (నవ్వులు) సరే, మన హాస్టళ్లలో ర్యాగింగ్ దీనికన్నా ఘోరం కదా?

తల్లి: ఘోరం కాబట్టే ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం తెచ్చారు. దాన్నీ అప్పట్లో సరదా అనేవాళ్లు. కొత్తవాణ్ని కలుపుకోవడం అనే పేరు పెట్టేవాళ్లు, ఈ బాబు ఇప్పుడు చెప్పినట్టే.

మాజీ కౌన్సెలర్: ఆంటీ, ర్యాగింగ్‌తో పోల్చకండి ప్లీజ్! అది వేరు, ఇది వేరు. క్యాంపు అంటేనే నవ్వులు. అవి తీసేస్తే పాటలూ పడవలూ మిగులుతాయి, దానికి వేల డాలర్లెందుకు?

తల్లి: ఒక్కటి చెప్పు. పిల్లల ఫోన్లు మొదటి రోజే తీసేసుకుంటారు కదా. మరి ఆ వీడియో ఎవరు తీశారు?

మాజీ కౌన్సెలర్: చూడండి, వీడియో వేరే టాపిక్...

సైకాలజిస్ట్: వేరే కాదు. మీరు సంచి పట్టుకున్న రాత్రి ఎవరూ రికార్డు చేయలేదు, తెల్లారితే అయిపోయింది. వీడి ఏడుపు వీడి స్కూల్లోవాళ్లూ చూస్తారు.

మాజీ కౌన్సెలర్: ఒప్పుకుంటా, ఫోన్ తప్పు! ప్రాంక్ తప్పు కాదు! నేను మొదటి నుంచీ అంటున్నది అదే, ప్రాంక్ తప్పు కాదు!

యాంకర్: చాలా బలంగా చెప్పారు. అంటే గారాబమే అసలు సమస్య అని...

తల్లి: ఎవరన్నారండీ అలా? తీసింది కౌన్సెలరా కాదా, అది అడిగాను నేను.

యాంకర్: టైమ్ అయిపోతోంది మేడమ్. తమ్ముడూ, చివరగా ముప్పై సెకన్లు మీకే.

మాజీ కౌన్సెలర్: థాంక్యూ అన్నా. నేను మళ్లీ చెప్తున్నా...

తల్లి: జవాబు చెప్పలేదు బాబూ.