పగులు లోయల్లో సరస్సు బురద, అగ్నిపర్వతాల బూడిద

నమస్కారం. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఆ ఎముకలు, జురాసిక్ కాలంలో నదులూ సరస్సులూ పరిచిన మట్టిలో పూడిపోయి మనదాకా వచ్చాయి. అక్కడ మట్టి అంత మందాన పేరుకోవడానికి కారణం, ప్రాణహిత-గోదావరి లోయ కింద భూపటలం పగిలి కోట్ల సంవత్సరాల పాటు కుంగుతూ రావడమే. సింగరేణి బొగ్గు కూడా ఆ కుంగిన నేలలో నిలిచిన పొరల్లోదే. నదులు ఎక్కడైనా మట్టిని తెస్తాయి. అది కొట్టుకుపోకుండా నిలవడానికి చోటు కల్పించేది మాత్రం ఇలా పగిలి కుంగిన పగులు లోయల వంటి చోట్లే.

భూపలక మీద రెండు వైపులా లాగుడు పడినప్పుడు అది సాగి పలచబడుతుంది. పై భాగం పెళుసు కాబట్టి భ్రంశాల వెంట, అంటే రాతి ఒక పక్క జారే పగుళ్ల వెంట, విరిగి కుంగుతుంది. భూపటలం అడుగున ఉన్న వేడి రాతి పొర, ప్రావారం, పైకి జరిగి, పీడనం తగ్గినందువల్ల కొంత కరిగి శిలాద్రవమవుతుంది. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 2005లో కొద్ది వారాల్లోనే సుమారు 60 కిలోమీటర్ల పొడవున శిలాద్రవం చొచ్చుకువచ్చి, నేల కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా విడిపోయింది.

లోయ రెండు అంచులా సమానంగా కుంగదు. సాధారణంగా ఒక అంచున ఉన్న పెద్ద భ్రంశం వెంట నేల లోతుకు దిగుతుంది, ఎదుటి అంచు కేవలం వంగుతుంది. ఒక పక్క ఎత్తిపెట్టిన కంచంలో పులుసు చేరినట్టు నీరు భ్రంశం వైపు చేరుతుంది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే సంగతి దీని తరువాతిది. భ్రంశం వెనుక గట్టు పైకి లేచి బయటికి వాలడం వల్ల, ఆ దిక్కున పుట్టిన నదులు చాలావరకు సరస్సుకు ఎడంగా పారిపోతాయి. ఇసుక ఎదుటి వాలు మీదుగానో, లోయ కొసల నుంచో రావలసి ఉంటుంది. అందుకే తూర్పు ఆఫ్రికాలో సుమారు 1,470 మీటర్ల లోతున్న టాంగన్యీకా వంటి సరస్సుల అడుగున సన్నని బురద పలచని పొరలుగా పేరుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ లేదు కనుక ఆ పొరలను కలచివేసే జీవులు కూడా ఉండవు.

తూర్పు ఆఫ్రికా పగులు లోయ పడమటి శాఖలో అగ్నిపర్వతాలు తక్కువ, సరస్సులు లోతు. తూర్పు శాఖలో లావా, బూడిద లోయను పూడుస్తూ వచ్చాయి కాబట్టి అక్కడి సరస్సులు చాలావరకు తక్కువ లోతువి. నాట్రాన్, మగాడీ వంటివి సోడా లవణాలతో నిండినవి. అగ్నిపర్వతం నదుల దారిని మార్చగలదనడానికి కీవూ సరస్సే సాక్ష్యం. ఒకప్పుడు ఉత్తరానికి పారిన ఆ నీటికి విరుంగా అగ్నిపర్వతాలు అడ్డుకట్ట వేయడంతో, అది ఇప్పుడు దక్షిణంగా రుజీజీ నది ద్వారా టాంగన్యీకాలో కలుస్తోంది.

ఇక బూడిద సంగతి. విస్ఫోటనంలో స్ఫటికాల నుంచి ఆర్గాన్ వాయువు బయటికి పోతుంది. ఆ తరువాత వాటిలోని పొటాషియం క్షయమవుతూ మళ్లీ ఆర్గాన్‌ను కూడబెడుతుంది. ఆ మొత్తాన్ని కొలిస్తే బూడిద పడిన కాలం తెలుస్తుంది. అఫార్‌లోని హదార్‌లో 1974లో దొరికిన లూసీ అనే ఆదిమానవ జాతి అస్థిపంజరం వయసు సుమారు 32 లక్షల ఏళ్లని నిర్ధారించింది అక్కడి బూడిద పొరల ఆధారంగానే. మన కోటాసారస్ పొరల వయసును ప్రధానంగా శిలాజాలను పోల్చి అంచనా వేయవలసి వచ్చింది. అందుకే ఆ అంచనాల మీద ఇంకా చర్చ నడుస్తోంది.

సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో మందమైన పొరగా కనిపిస్తుంది. అదే బూడిద టోబాకు 7,000 కిలోమీటర్ల దూరాన, పగులు లోయలోని మలావీ సరస్సు బురదలో కంటికి ఆనని గాజు రేణువులుగా దొరికిందని 2013లో ప్రకటించారు. ఆ రేణువులున్న మట్టానికి కిందా పైనా బురదను పరీక్షిస్తే, తూర్పు ఆఫ్రికా తీవ్రంగా చల్లబడిన జాడ కనిపించలేదు. టోబా ధాటికి భూమి చల్లబడి మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందన్న వాదనను నేను సందేహించడానికి ఇది మొదటి కారణం. జ్వాలాపురంలో బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు బయటపడడం రెండోది.