ముందు నేల చూడండి, తర్వాత మొక్క తెండి

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ, అధ్యాపకులకూ, పిల్లలకూ నమస్కారం. వనమహోత్సవం కాబట్టి పచ్చదనం గురించి మాట్లాడమన్నారు. పచ్చదనం మంచిదని మీకు తెలుసు, అందులో నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాళ్ల గురించి మాట్లాడతాను.

తిరుమల ఘాట్ రోడ్డులో కొండకోత గమనించారా? ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ ఉంటుంది. ఆ రెండింటి వయసుకీ కోట్లాది ఏళ్ల తేడా. ఆ పై రాయి మన ఎర్రచందనానికి ఇల్లు. క్వార్ట్‌జైట్ అంటే గట్టిపడి రాయైన ఇసుక, అది అరిగితే గరుసే తప్ప బంకమట్టి పెద్దగా రాదు. వాననీళ్లు పైన నిలవకుండా రాతి సందుల్లోకి దిగిపోతాయి, వేళ్లూ వాటి వెంటే దిగుతాయి. అంత బీద నేలలో చాలా చెట్లు ఎదగలేవు, ఎర్రచందనం మాత్రం నింపాదిగా చేవ కట్టుకుంటుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ప్రపంచంలో అది తనంతట తాను పెరిగేది ఇంచుమించు ఈ చుట్టుపక్కలే. ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీ కూడా ఈ కొండలదే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పిల్లలు చేతులెత్తండి. మీ ఇళ్లల్లో కడప బండ ఉంటుంది కదా, అది సున్నపురాయి. ఆ పక్కన మీ కుందూ ఒడ్డంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వానొస్తే మట్టి ఉబ్బి అన్నీ మూసుకుపోతాయి, నీళ్లు కదలవు. లంకమలా మీ ఊళ్లూ ఒకే కడప జిల్లా, కానీ ఆ కొండమీది చెట్టుకి ఈ నేల పరాయిది.

నా కడుపుమంట ఇక్కడే. మా వైపు ఒక బడి ఆవరణలో, అచ్చమైన నల్లరేగడిలో, వరసగా ఎర్రచందనం మొక్కలు నాటారు. వద్దండీ బతకవు, తుమ్మో కానుగో పెట్టండి అని బతిమాలాను. "తుమ్మ నాటడానికి ఇంత ఏర్పాటెందుకు సార్" అన్నారు. ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. తర్వాత ముసురు పట్టింది, ఆకులు పసుపెక్కి వేలాడాయి. ఒక మొక్కని పట్టుకుంటే గుంజకుండానే చేతిలోకి వచ్చింది. వేరు నల్లబడి, పైతోలు వేళ్ల మధ్య జారిపోయింది, ఒకటే కుళ్లు వాసన. ఆ మొక్క చేసిన పాపమేంటి, మీరే చెప్పండి!

తుమ్మ తక్కువ చెట్టు కాదమ్మా. మళ్లీ చెబుతున్నా, తుమ్మ తక్కువ చెట్టు కాదు. నల్లరేగడిలో ఎవరూ నీళ్లు పొయ్యకుండానే నిలబడుతుంది, మన పెద్దలు నాగళ్లూ బండిచక్రాలూ ఆ కర్రతోనే చేయించుకున్నారు, దాని కాయలు మేకలు ఎగబడి తింటాయి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం సార్. పొద్దున మీ కాలేజీ నేల చూసొచ్చాను. గేటు వైపు ఎర్ర గరుసు, హాస్టల్ వెనక రేగడి. నమ్మకపోతే గుప్పెడు మట్టి తడిపి ఉండ చెయ్యండి. ఒకచోట రాలిపోతుంది, రెండోచోట చేతికి అంటుకుని వదలదు. వచ్చేవారం మొక్కలొస్తాయట. గేటు వైపు ఎర్రచందనం, తంగేడు పెట్టండి, హాస్టల్ వెనక కానుగ, నల్లతుమ్మ. ప్రిన్సిపాల్ గారూ, లారీ నిండా ఒకటే రకం వస్తే మాత్రం దించుకోకండి, సగం వెనక్కి పంపి మార్పించండి.