ఫ్లాప్ కొస ఎందుకు నల్లబడుతుంది?

హోస్ట్: మేడమ్, చర్మాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే ఆపరేషన్లలో గ్రాఫ్ట్ వేరు, ఫ్లాప్ వేరు అంటారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

సర్జన్: గ్రాఫ్ట్ అంటే చర్మాన్ని పూర్తిగా తీసి ఇంకో చోట వేస్తాం, ఇక అక్కడి రక్తమే దానికి దిక్కు. ఫ్లాప్ అనే చర్మం ముక్క తన రక్తనాళాలతోనే వస్తుంది, మామూలుగా ఒక అంచు ఒంటికి అంటుకునే ఉంటుంది. చచ్చిపోయేది దాదాపు ఎప్పుడూ కొసే. ముందు నీలంగా మారుతుంది, తర్వాత నల్లగా... మా టెన్షనంతా ఆ రెండు మూడు సెంటీమీటర్ల గురించే.

హోస్ట్: దాని మీద ప్రయోగాలకు ఎలుకలు ఎందుకు?

సర్జన్: 1965లో మెక్‌ఫార్లేన్ బృందం ఎలుక వీపు మీద పొడవాటి ఫ్లాప్ లేపి, కొస ఎంతో కొంత చచ్చేలా ఒక నమూనా తయారుచేసింది. ఇప్పటికీ ల్యాబుల్లో దాని రకాలే వాడతారు. వారం తర్వాత పారదర్శక షీటు పరిచి, నల్లబడ్డ మేర గీసి, శాతం లెక్కేస్తారు. చిక్కెక్కడంటే, లేపిన చర్మాన్ని మళ్ళీ అక్కడే కుట్టేస్తే కింద నుంచి పోషణ అంది గ్రాఫ్ట్‌లా బతికేయొచ్చు, మనమేమో కొసను బతికించడానికి పరీక్షిస్తున్న మందు పనిచేసిందని సంబరపడతాం. అందుకే చాలామంది మధ్యలో పల్చటి సిలికోన్ షీటు పెడతారు. పైగా ఎలుక ఊరుకోదు, కుట్లు కొరికేస్తుంది.

హోస్ట్: మరి ఆ మందులు మనదాకా వచ్చాయా?

సర్జన్: నాకు చిరాకు అక్కడే. ఎలుకలో పనిచేసిన మందుల జాబితా చాంతాడంత, ఆపరేషన్ థియేటర్‌లో మేం రోజూ వాడేవి మాత్రం చాలా తక్కువ. ఎలుక చర్మం వదులు, దాని కింద పల్చటి కండర పొర ఉంటుంది. పంది చర్మం మనకు దగ్గర. అసలు మా లెక్క మార్చింది పందులే. వెడల్పు పెంచితే ఎక్కువ పొడవు తీసుకోవచ్చని అందరూ నమ్మే రోజుల్లో, 1970లో మిల్టన్ అనే సర్జన్ పందుల మీద రకరకాల వెడల్పుల్లో ఫ్లాపులు లేపి చూశాడు. రక్త సరఫరా ఒకేలా ఉంటే అన్నీ దాదాపు ఒకే పొడవు బతికాయి. అంటే ఫ్లాప్ ఒంటికి అంటుకున్న మొదలు దగ్గర ఏ రక్తనాళం ఉందన్నదే అసలు సంగతి. ఒక్క మందు లేకుండా తేలిన విషయం ఇది!

హోస్ట్: మీ సర్జన్లు "డిలే" అంటుంటారు, అది ఇదేనా?

సర్జన్: కాదండీ, అది వేరే. కొన్ని నాళాలు ముందే కోసి, వారం పది రోజులు ఆగి ఫ్లాప్ పూర్తిగా లేపడం. పద్ధతి పాతదే, ఎందుకు పనిచేస్తుందో మెల్‌బోర్న్‌లో టేలర్ అనే సర్జన్ బృందం వాళ్ళు జంతువుల్లో చూపించారు. పక్కపక్క రక్త ప్రాంతాల్ని కలిపే సన్న నాళాలు, ముఖ్యంగా 48 నుంచి 72 గంటల మధ్య, బాగా వెడల్పవుతాయి. కాబట్టి తొందరపడకూడదు.

హోస్ట్: సిగరెట్ సంగతి?

సర్జన్: "ఒక్కటే కదా మేడమ్" అంటారు పేషెంట్లు! నికోటిన్ ఇచ్చిన ఎలుకల్లో నల్లబడే భాగం పెరిగింది. బీడీ అయినా ఖైనీ అయినా, ఆపరేషన్‌కి నెల ముందు మానేయాల్సిందే, లేదంటే వీలైనంతవరకు నేను డేట్ ఇవ్వను.