ఎదురుకాళ్ళతో పుట్టినవాడి మాట
(ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం నాడు మంగళగిరి నేతకారుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు వరసగా రాసి నా చేతికి చీటీ ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పేర్లన్నీ చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవడం లేదు, పెద్దలు మన్నించాలి. ఒక్కరికి మాత్రం దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను. ఈ పక్క వీధిలోనే నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మా నాన్నకి.

1905లో ఇదే రోజున కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ఆ గుర్తుగానే 2015 నుంచి మనం ఈ దినోత్సవం చేసుకుంటున్నాం. ఫిజియోథెరపిస్టుని కాబట్టి నన్ను నేతపని, నడుము నొప్పి గురించి మాట్లాడమన్నారు. కాగితాలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక గుమ్మం దగ్గర ఒక చెల్లెలు నన్ను ఆపింది. "అన్నయ్యా, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావంట కదా. మా అత్తయ్య నడుం పట్టేసి నాలుగు రోజులైంది. వెళ్ళేముందు ఒకసారి వచ్చి తొక్కి పోతావా?" అని అడిగింది. ఆ మాట విన్నాక ఈ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు. నడుము తొక్కించుకోవడం గురించే మాట్లాడతాను.

ఇక్కడున్న కుర్రవాళ్ళకి తెలియకపోవచ్చు. కాన్పులో బిడ్డకి తల ముందు రావాలి, నాకు కాళ్ళు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు నడుం మీద తన్నినా తొక్కినా పట్టు వదులుతుందని మన ఊళ్ళలో నమ్మకం. నాకు ఆరేళ్ళు వచ్చేసరికి వీధంతటికీ నేనే వైద్యుణ్ణి. సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగిందంటే చాలు, "పిల్లోడున్నాడా?" అంటూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు.

అందరికంటే ముందు మా నాన్న. గుంటలోంచి లేచి, వంగినవాడు వంగినట్టే నాలుగడుగులు వేసి, చాప మీద బోర్లా పడుకునేవాడు. అంతకుముందు ఒక పని చేసేవాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు పోసి నా పాదాలు కడిగేవాడు. వేళ్ళ సందుల్లో మట్టి పోయేదాకా రుద్ది, తన భుజం మీది తుండుతో తుడిచేవాడు. పొద్దస్తమానం నాడె ఆడించిన చేతులు కదా, అరచేతులు గరుకుగా ఉండేవి, నాకు చక్కిలిగిలి పుట్టేది. నాన్న ఒంటికి కాలు తగిలితే తప్పని మా నాయనమ్మ చెప్పేది. అందుకని ఎక్కే ముందు నాన్న వీపు తాకి కళ్ళకద్దుకునేవాణ్ణి. దూలానికి మా చెల్లి ఉయ్యాల తాడు వేలాడుతుండేది. "అది పట్టుకుని నిలబడు. బరువంతా నా మీద వెయ్యకు, తాడు మీద సగం ఉంచు" అనేవాడు. పిక్కలు, తొడలు, పిరుదులు, భుజాలు. వెన్నుపూస మీద మాత్రం ఎక్కనిచ్చేవాడు కాదు. అది ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. కాసేపటికి ఆయన ఊపిరి నెమ్మదించేది, నా కాళ్ళ కింద కండ మెత్తబడేది. ఆ మెత్తదనం అరికాలికి తెలిసేది. ఈ వృత్తిలోకి వచ్చి వేలమంది నడుములు పట్టుకున్నాను గానీ, గట్టిపడిన కండ వదులవడం అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది మా నాన్న పిక్కలే.

దీనివల్ల లాభం ఏమిటని అడుగుతారు. అరికాలు అరచేతికంటే వెడల్పు. బొటనవేలితో నొక్కితే ఒక్కచోట గుచ్చుకుంటుంది, అరికాలితో నొక్కితే బరువు పరుచుకుంటుంది. పిరుదు, తొడ, పిక్క పెద్ద కండలు కదా, పొద్దంతా కూర్చున్నవాడికి బిగుసుకునేవి అవే. వాటి లోపలిదాకా చేతులతో నొక్కాలంటే చేసేవాడి మణికట్టు, బొటనవేలు అరిగిపోతాయి. మాలిష్ చేసేవాళ్ళలో వేళ్ళ నొప్పి లేనివాళ్ళు అరుదు. కాలితో అయితే ఆ పని ఒంటి బరువే చేస్తుంది. నూనె రాసుంటే నడుం పక్కనుంచి మడమ దాకా పాదం ఒకే ఊపులో, ఎక్కడా ఆగకుండా సాగుతుంది. చేతులతో ఆ పొడుగు రాదు. ఒంట్లో వేడి పుడుతుంది, బిగువు తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. అయితే ఉన్నమాట కూడా చెప్పాలి. మాలిష్‌తో నడుము నొప్పికి దొరికేది కొన్నాళ్ళ ఉపశమనం. డిస్కు జారితే తొక్కినంత మాత్రాన అది వెనక్కి వెళ్ళదు. "తొక్కితే డిస్కు సెట్ అవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

పాదాభ్యంగం వేరు, ఇది వేరు. పాదాభ్యంగం అంటే పాదాలకి నూనె పట్టించడం. నేను చెప్పేది పాదాలతో ఒంటిని మర్దించడం. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో ఈ మాట ఉంది. వ్యాయామం చేసి, పాదాలతో ఒళ్ళు మర్దన చేయించుకునేవాడి దగ్గరికి రోగాలు చేరవట, సింహం దగ్గరికి చిన్న జంతువులు చేరనట్టు. అదే సుశ్రుతుడు ఒంట్లో 107 మర్మస్థానాలున్నాయనీ, అక్కడ దెబ్బ తగిలితే ప్రమాదమనీ కూడా చెప్పాడు. మనం మొదటి మాట పట్టుకున్నాం, రెండోది వదిలేశాం.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. సొంత పెద్దమ్మ కాదు, మా ఎదురింటావిడ. నూలు కండెలు చుట్టీ చుట్టీ నడుం పోయింది. అప్పుడు నాకు పదమూడో ఏడు. ఆరేళ్ళ పిల్లాడిగా తొక్కడం మొదలుపెట్టినవాణ్ణి, అప్పటికి ఒళ్ళొచ్చాను. ఆవిడకి అరవై దాటాయి. వాళ్ళింట్లో పట్టుకోవడానికి తాడు లేదు. "ఏం కాదురా, ఎక్కు" అంది. గోడకి చెయ్యి ఆనించి ఎక్కాను. గోడ సున్నం జారింది. చెయ్యి పట్టు తప్పి, నా బరువంతా రెండు మడమల మీదా ఆవిడ వెన్ను మధ్యలో పడింది. టక్కుమని శబ్దం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు "ఆఁ, వదిలింది, పట్టు వదిలింది" అన్నారు. పెద్దమ్మ అరవలేదు. నోరు తెరిచింది గానీ గొంతులోంచి మాట రాలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ నిటారుగా నిలబడలేదు. నెలల తరబడి మంచం మీదే ఉంది. తర్వాత లేచింది గానీ వంగిపోయింది. పానకాల స్వామి కొండ ప్రతి ఏడూ మెట్ల దారిన ఎక్కే మనిషి, మళ్ళీ ఆ కొండ ఎక్కలేదు. వీధిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వయసు మీద పడిందన్నారు. ఆవిడే నాకు కబురు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, "నీ తప్పేం లేదురా, నేనే కదా ఎక్కమన్నాను" అంది. నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

కాలేజీలో చేరాక ఒకరోజు క్లాసులో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళ ఎక్స్‌రేలు చూపించారు. వెన్నుపూస ఒకటి ముందువైపు నొక్కుకుపోయి ఉంది, తడిసిన అట్టపెట్టె మీద కూర్చుంటే కుంగినట్టు. నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎముక ఇలా పల్చబడుతుంది, చిన్న బరువుకే విరుగుతుంది అన్నారు. నాకు పెద్దమ్మ కనిపించింది. అప్పటికి ఆవిడ లేదు. క్లాసు మధ్యలో లేచి బయటికొచ్చేశాను. ఈ విషయం ఈ ఊళ్ళో నిలబడి చెప్పడం ఇదే మొదటిసారి.

అమ్మా, ఆడవాళ్ళందరూ వింటున్నారా? యాభై దాటిన మీ అత్తగారి వీపు మీదికి, మీ అమ్మ వీపు మీదికి పిల్లల్ని ఎక్కించకండి. నీరసంగా ఉందన్నా సరే, వాళ్ళే అడిగినా సరే.

మరి ఈ విద్య పనికిరానిదా? అలా అనుకుని నేనూ చాలా ఏళ్ళు దీని మాటెత్తలేదు. 1996లో కేరళలోని త్రిశ్శూరు వెళ్ళాను. మనకి ఆషాఢ శ్రావణాలు వచ్చే రోజుల్లో, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, వాళ్ళకి కర్కిటక మాసం. హోరున వాన. ఒంటికి నూనె పట్టించడానికి అదే సరైన కాలం అంటారు. అక్కడ యుద్ధవిద్య నేర్పే ఒక కళరిలో మొదటిసారి చవిట్టి ఉళిచ్చిల్ చూశాను. మాట తెలియకపోయినా చూస్తే తెలిసిపోయింది. తొక్కి మర్దించడం. కళరి అంటే నేల తవ్వి చేసిన గుంట, 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు. మెట్లు దిగుతుంటే నాకు మా మగ్గం గుంట గుర్తొచ్చింది, అదే చల్లదనం, అదే మట్టి వాసన. పైనుంచి తాడు వేలాడుతోంది. గురువుగారు ముందు దణ్ణం పెట్టుకున్నారు, రెండు చేతులతో తాడు పట్టుకున్నారు. కుర్రాడు చాప మీద బోర్లా పడుకున్నాడు, ఒళ్ళంతా గోరువెచ్చని నూనె. గురువుగారు ఒక కాలి మీద నేల మీదే నిలబడి, రెండో పాదం కుర్రాడి నడుం పక్కనుంచి భుజం మీదుగా వేళ్ళ చివరి దాకా జార్చారు. నీళ్ళ మీద పడవ పోయినట్టు పోయింది. వెన్నుపూస మీదికి ఒక్కసారి కూడా పోలేదు. మా నాన్న చెప్పిన మాటే, సగం బరువు తాడు మీద. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆ త్రిశ్శూరు జిల్లాలోనే చెరుతురుత్తిలో, మలయాళ కవి వళ్ళత్తోల్ నారాయణ మీనన్ 1930లో పెట్టిన కేరళ కళామండలం ఉంది. అక్కడ కథకళి నేర్చుకునే పిల్లలకి వానాకాలంలో తెల్లవారుజామునే గురువులు కాళ్ళతో ఇలా మర్దన చేస్తారు, తొడలు విచ్చుకుని ఒళ్ళు వంగడానికి. ఏళ్ళ తరబడి చేయించుకున్నవాడే తర్వాత చేసేవాడవుతాడు. థాయిలాండ్ ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపు ఇంకోటుంది. మర్దన చేసేవాడు పాదం నూనెలో ముంచి, కాలిన నాగటి కర్రు మీద ఒక్క క్షణం ఆనించి, ఆ వేడి పాదంతో నొప్పి ఉన్నచోట అదుముతాడు. యామ్ ఖాంగ్ అంటారు. థాయ్ మర్దనని 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళు విద్య అనుకున్నారు, నేర్పారు, నిలబెట్టుకున్నారు. మనం కాళ్ళు ముందొచ్చి పుట్టినవాడి మహిమ అనుకున్నాం. మహిమ అనుకున్నాక ఇక నేర్చుకునేదేముంది? నా కాళ్ళలో ఏ మహిమా లేదు. ఉన్నదల్లా మా నాన్న చెప్పిన జాగ్రత్తే. అది పెద్దమ్మ ఇంట్లో తప్పాను.

వెనక వరసలో చెయ్యెత్తిన బాబాయ్, అడగండి. మీరు తొక్కించుకోవచ్చా అనా? షుగరుందా? పాదాల్లో స్పర్శ తెలుస్తోందా? తెలియకపోతే వద్దు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నవాళ్ళు, గర్భిణులు, జ్వరం ఉన్నవాళ్ళు, ఈమధ్య ఎముక విరిగినవాళ్ళు, వీళ్ళెవరూ వద్దు. నడుం నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, మాలిష్‌కి కాదు. చెల్లెమ్మా, మీ అత్తయ్యని సభ అయ్యాక నేనే వచ్చి చూస్తాను. తొక్కను, చూస్తాను.

నా కాగితాల్లో ఉన్నది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గంటకోసారి గుంటలోంచి లేవండి, పది అడుగులు వెయ్యండి. మిగతాది కాగితం మీదే ఉంది, జిరాక్స్ తీసి పంచుతారు.

సొసైటీ పెద్దలకి ఒక్క విన్నపం. ఈ హాలు వెనక గది ఖాళీగా ఉంది. అక్కడ ఒక చాప, ఒక తాడు, నువ్వుల నూనె చాలు. ఆడవాళ్ళలో ఇద్దరు, మగవాళ్ళలో ఇద్దరు ముందుకొస్తే ప్రతి ఆదివారం వచ్చి నేర్పుతాను. తొడలు, పిక్కలు, పిరుదులు, భుజాలు, ఇవే. ఒక ఏడాది నేర్చుకున్నాకే ఇంకొకరి ఒంటి మీద కాలు పెట్టాలి. ఎదురుకాళ్ళతో పుట్టి ఉండనక్కర్లేదు.

ఇవాళ ఒకసారి చూపిస్తాను. ముప్పై దాటని కుర్రాడు, ఏ జబ్బూ లేనివాడు ఒకడు రండి. నువ్వు రా నాన్నా, చొక్కా తీసి ఈ చాప మీద పడుకో. నాకు ఒక చెంబుడు నీళ్ళిప్పించండి, కాళ్ళు కడుక్కోవాలి. ఆ తాడు దూలానికి గట్టిగా కట్టారా? ఇద్దరు పట్టుకుని లాగి చూడండి. ఇంకోసారి లాగండి.