ఆవిడ చెప్పింది, నేను రాయలేదు

(అరుదైన కేసుల మీద కంటి డాక్టర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న పీజీ విద్యార్థులకు నమస్కారం. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది కానీ నాకిచ్చిన టైమ్ అందుకే సరిపోతుంది. మన్నించండి.

నా సర్వీసులో చూసిన అరుదైన కేసులు 5 చెప్పమన్నారు. స్లైడ్లు తెచ్చాను. పొద్దుటి నుంచి మీ కేసులు విన్నాక మాత్రం ఆ వరస మార్చుకుంటున్నాను. ఏడు కేసులు విన్నాను. స్కానింగ్ బొమ్మలు ఎంత స్పష్టంగా ఉన్నాయో! మా రోజుల్లో అలాంటివి ఊహించలేదు. కానీ ఏడింటిలోనూ మొదటి స్లైడ్ ఒక్కటే: "చూపు మందగించిందని వచ్చారు." ఏడుగురూ ఒకే మాట అన్నారా? అని ఉండరు. ఒకరు "మెరుపులు మెరిశాయి, తర్వాత నల్ల చుక్కలు రాలుతున్నాయి" అని ఉంటారు. అది కంటి వెనక తెర, అంటే రెటీనా, చిరిగిందేమో చూడమని చెప్పే మాట. ఇంకొకరు "తలుపు చట్రం వంకరగా కనిపిస్తోంది" అని ఉంటారు. అది మాక్యులా మాట, అంటే రెటీనా నడిమి భాగం చెడిందేమో చూడమని. "ఎదుటివాళ్ళ మొహం సగమే కనిపిస్తోంది" అంటే కంటిని వదిలి మెదడు వైపు వెళ్ళాలి. ఈ మూడింటినీ మనం కేస్ షీట్ మీద "చూపు మందగించింది" అని రాసేస్తున్నాం. రోగి మూడొంతులు చెప్పిన రోగనిర్ధారణను మన చేత్తో మనమే చెరిపేస్తున్నాం.

1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ దగ్గరకు పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తున్నారు. చాలామందికి గుండె లోపాలు కూడా. వంశంలో ఎవరికీ లేదు. బయట కూర్చున్న తల్లులు కడుపుతో ఉండగా తమకు దద్దుర్లు వచ్చాయని మాట్లాడుకోవడం ఆయన చెవిన పడిందంటారు. మిగిలిన తల్లులనూ అడగడం మొదలుపెట్టారు. 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులకు గర్భంతో ఉండగా రుబెల్లా వచ్చినట్టు తేలింది. అప్పటిదాకా రుబెల్లా అంటే మూడు రోజుల్లో పోయే దద్దుర్లు, అంతే. బయటి జబ్బు నుంచి బిడ్డను మాయ కాపాడుతుందని వైద్యులు ధీమాగా ఉన్న రోజులు. ఆయన మాటను మొదట్లో చాలామంది నమ్మలేదు. వైరస్‌ను వేరు చేయడానికి 1962 దాకా పట్టింది, టీకా 1969లో వచ్చింది. ఇంత పెద్ద సంగతికి మొదలు మైక్రోస్కోపు కాదండీ, తల్లుల మాటలు.

తర్వాతి స్లైడ్ తంసులోసిన్ గురించి. క్లుప్తంగా చెబుతాను, మీకు తెలిసిందే. ప్రోస్టేట్‌కు వాడే ఈ మందు వేసుకున్నవారికి శుక్లం ఆపరేషన్ చేస్తుంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, తడిసిన గుడ్డలా ఊగుతుంది, కోసిన చోటు నుంచి బయటికి జారుతుంది, తెరిచిన కంటిపాప చిన్నదైపోతుంది. 2005లో చాంగ్, క్యాంప్‌బెల్ అనే కంటి డాక్టర్లు దీన్ని వివరించారు. మందు ఆపేసినా ఇబ్బంది పూర్తిగా పోకపోవచ్చు. కాబట్టి ముందే తెలియాలి, సిద్ధంగా ఉండాలి. మరి ఆ పెద్దాయన తనంతట తాను చెబుతాడా? మూత్రం మందుకీ కంటికీ సంబంధం ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది? మనం అడగాలి.

చార్ల్స్ బోనే గురించి... ఆ స్లైడ్ కూడా ఉంచండి బాబూ. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆయన, 1760లో తన తాతగారి సంగతి రాశారు. చూపు దాదాపు పోయిన ఆ వృద్ధుడికి మనుషులు, పక్షులు, బళ్ళు, భవనాలు కనిపించేవి. అవి నిజం కాదని ఆయనకు తెలుసు, మతి చక్కగా ఉంది. చూపు తగ్గితే మెదడు బొమ్మలు అల్లుకుంటుంది. ఇలాంటివారు మన ఓపీల్లో ఎంతమంది ఉన్నారో! పిచ్చి అనుకుంటారని నోరు విప్పరు. నా పేషెంటు ఒకావిడ రెండేళ్ళు దాచుకుంది. "లేనివి కనిపిస్తున్నాయా అమ్మా? చాలామందికి కనిపిస్తాయి" అని నేనంటే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. మందు ఇవ్వలేదు. ఆ ఒక్క ప్రశ్నే.

ఇక స్లైడ్లు చాలు, ఆపేయండి. మిగిలిన రెండు కేసులూ చెప్పను. అసలు చెప్పాల్సింది ఒకటుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఏ సభలోనూ చెప్పలేదు.

అప్పటికి నేను ప్రాక్టీసులోకి వచ్చి మూడేళ్ళు. ఓపీ కిటకిటలాడుతోంది. డెబ్బై దాటిన ఒకావిడ వచ్చింది. కూర్చుంటూనే, "తల దువ్వుకుంటే కుదుళ్ళు నొప్పి పుడుతున్నాయి బాబూ, ముద్ద నమిలితే దవడ లాగేస్తోంది, ఆగితే తగ్గుతోంది" అంది. నేను మధ్యలో ఆపాను. "అమ్మా, కంటి సంగతి చెప్పండి" అన్నాను. కుడి కంటికి ఒక్కోసారి తెర పడినట్టై రెండు నిమిషాల్లో పోతోందని చెప్పింది. చూశాను. శుక్లం మొదలవుతోంది. దవడకు పళ్ళ డాక్టర్ని కలవమన్నాను. నెల తర్వాత రమ్మన్నాను.

పదకొండో రోజున కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. కుడి కన్ను పోయింది. లోపల చూపు నరం తల సున్నం పూసినట్టు పాలిపోయి ఉబ్బి ఉంది. మా సీనియర్ గారు కణత మీద వేలు పెట్టగానే ఆవిడ "అబ్బా" అంది. ఆయన నా వైపు తిరిగి, "నమిలితే దవడ నొప్పి ఉందా అని అడిగావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది: "చెప్పాను కదండీ ఈ బాబుకి."

కోపంగా అనలేదు. నాకు సాక్ష్యం చెబుతున్నట్టు అంది, నేను విన్నానని వాళ్ళకు తెలియాలన్నట్టు.

జెయింట్ సెల్ ఆర్టరైటిస్. రక్తనాళాల గోడలు వాచి దారి మూసుకుంటుంది. నమిలేటప్పుడు దవడ కండరాలకు రక్తం చాలక నొప్పి, ఆపితే తగ్గుతుంది. అదే పని చూపు నరానికి జరిగితే కన్ను పోతుంది, పోయింది మళ్ళీ రాదు. రెండో కంటికి రోజుల వ్యవధే ఉండొచ్చు. అందుకే బయాప్సీ కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతాం. ఆ సాయంత్రమే స్టెరాయిడ్‌ను రక్తనాళంలోకి ఎక్కించారు. ఎడమ కన్ను నిలిచింది.

రాత్రి రికార్డుల గదికి వెళ్ళి నా కేస్ షీట్ తీశాను. "కుడి కన్ను చూపు మందం. శుక్లం మొదటి దశ. నెల తర్వాత." దవడ లేదు. దువ్వెన లేదు. తెర కూడా లేదు. ఆవిడ వరసగా, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత స్పష్టంగా చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ లేదు.

పిల్లలూ, టైమ్ లేదని మీరంటారు. ఆవిడ మాట పూర్తి కావడానికి పట్టేది అర నిమిషం. మీరు ఏ మెషీన్ అయినా వాడండి, కానీ కేస్ షీట్ మొదటి లైను పేషెంటు మాటల్లోనే, వాళ్ళ భాషలోనే రాయండి. దాన్ని శుభ్రం చేయకండి. మన మాటల్లోకి మార్చకండి.

బెల్ కొట్టారు, ముగిస్తున్నాను. నా తర్వాత మాట్లాడబోయే డాక్టరమ్మ ఆరేళ్ళ పాప కేసు చెబుతారని ప్రోగ్రామ్‌లో చూశాను. అమ్మా, స్కాన్ చూపించే ముందు ఒక్కటి చెప్పండి. ఆ పాపను మీ ఎదుట కూర్చోబెట్టి వాళ్ళమ్మ మొట్టమొదట ఏమంది? నేను ముందు వరుసలోనే కూర్చుంటాను.