పాత ఇంటి చెమ్మకి, మిద్దె వేడికి మేం పెట్టిన డబ్బుల్లో ఏది పనిచేసింది, ఏది దండగ | కర్నూలు పాతూరి ఇల్లు రివ్యూ

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ముందు ఈ గోడ చూడండి, మాటలు తర్వాత. ఇదిగో వేలితో ఇట్లా గీకితే చాలు, తెల్లగా పిండి రాలినట్టు రాలుతాంది. ఇది సున్నం కాదు, ఉప్పు. డౌట్ వచ్చి నాలుక మీద పెట్టుకొని చూసినా, నిజంగానే ఉప్పగా ఉంది, మా అమ్మ తిట్టిన తిట్లు వేరే సంగతి.

ఇది మా జేజినాయన కట్టించిన ఇల్లు, కొండారెడ్డి బురుజు కాడ నుంచి నడిచి పోయేంత దూరం. మన్ను అడుసుతో కట్టిన రాతి గోడలు, అడుగున్నర మందం, వెనక రెండు గదులకి చౌడు మిద్దె, అంటే దూలాల మీద మందంగా చౌడు మట్టి పరిచిన కప్పు, ముందు భాగానికి తర్వాత ఎప్పుడో స్లాబ్ వేసినారు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊర్లోకి వచ్చినాయి కదా, అప్పుడు ఈ ఇల్లు మునిగింది. ఇంక అప్పట్నుంచి గోడకి చెమ్మ కనపడితే చాలు ఇంట్లో అందరిదీ ఒకటే మాట, వరద చెమ్మ. ఇన్నేళ్లు, ఇన్ని ఎండాకాలాలు పోయినాక కూడా వరద చెమ్మ యాడ ఉంటాది అని ఒక్కరూ అడగలా, నేనూ అడగలా.

సరే రివ్యూకి వస్తా. మొదట మేం కొన్నది డ్యాంప్ ప్రూఫ్ పెయింట్. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు డబ్బాది కాదు, మాది. గోడ గీకించి, పుట్టీ కొట్టించి, రెండు పూతలు వేయించినాం. మూడు నెలలు అద్దంలా ఉండింది, చుట్టాలందరికీ ఫోటోలు పంపినా. నాలుగో నెల్లో అప్పడం ఉబ్బినట్టు ఉబ్బింది, వేలితో నొక్కితే టప్పుమని పగిలి లోపల్నుంచి ఆ ఉప్పు పిండే. అంతకుముందే మా నాయన చేసిన పని ఇంకోటుంది, హాల్లో నాలుగడుగుల ఎత్తు టైల్స్ అతికించినాడు, టైల్స్ వేస్తే చెమ్మ కనపడదు అని ఎవరో చెప్పినారంట. నిజమే, నాలుగడుగుల దాకా కనపడలా, ఐదో అడుగులో కనపడింది! నీళ్లకి బయటికి పోయే దోవ మూసేస్తే అది ఊరుకుంటాదా, దోవ దొరికేదాకా పైకి పాకుతాది.

అసలు కథ ఏందంటే, రాయి మన్ను గోడ కింద నుంచి తేమని దీపంలో వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాది. కొత్త ఇళ్లకి బేస్‌మెంట్ మీద డీపీసీ అని అడ్డు పట్టీ ఒకటి వేస్తారు, పాత ఇళ్లకి అది ఉండదు. ఉండకపోయినా అప్పట్లో నడిచింది, ఎందుకంటే పైన సున్నం గార, అది గాలాడే పూత, పీల్చిన తేమ పీల్చినట్టే గోడ మొహం మీద నుంచి ఆరిపోయేది. వరద తర్వాత మేమేం చేసినాం? సున్నం గార మొత్తం కొట్టేసి, గట్టిగా ఉండాలని సిమెంట్ పూత వేయించినాం. నీళ్లు లోపలే చిక్కుకున్నాయి. ఆ నీళ్లల్లో ఉప్పు ఉంటాది, నీళ్లు ఆరే చోట ఆ ఉప్పు గడ్డకట్టి పెరుగుతాది, పెరిగి పూతని లోపల్నుంచి తోస్తాది, పెచ్చులు ఊడేది అందుకే.

మరి నీళ్లు యాడ నుంచి? దీనికి రూపాయి ఖర్చు లేని టెస్టు చెప్తా. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు తీసుకొని గోడకి నాలుగు వైపులా టేపు గట్టిగా వేసి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి పక్క చెమ్మ పడితే నీళ్లు గోడలో ఉన్నట్టు, బయటి పక్క పడితే గదిలో గాలి తేమ. నేను ఆరు చోట్ల అతికించినా, ఇల్లు ఆస్పత్రిలో పేషెంట్ మాదిరి ఉండింది. హాల్లో, వంటింట్లో లోపలి పక్క నీళ్ల చుక్కలు, బొట్లు బొట్లుగా. వెనక గదిలో బీరువా ఎనక నల్లగా బూజు పట్టి బట్టలన్నీ ముక్క వాసన, కానీ కవరు లోపల చూస్తే పొడి, చుక్క లేదు. ఆ గోడ తప్పే లేదు! తప్పు కూలర్‌ది, అంటే మాది, తలుపులు కిటికీలు అన్నీ బిగించి కూలర్ వేస్తాం, అది గంటల తరబడి గదిలోకి తడి గాలి ఊదుతాంటే ఆ గాలి పోయేదానికి సందు లేదు. కూలర్ వేస్తే ఎదురు కిటికీ తీయాల, అప్పుడే చల్లదనం కూడా వస్తాది. బీరువా గోడకి జానెడు దూరం జరిపినాం, కిటికీ తీసినాం, బూజు తుడిచినాక మళ్లీ రాలా. ఖర్చు సున్నా. దీనికి పదికి పది.

హాల్‌ది మాత్రం పెద్ద కథ. ముందు వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేసినారు, ఇప్పుడు మా గడప కంటే రోడ్డు జానెడు ఎత్తు. వానొస్తే నీళ్లు మా గోడ మొదట్లోనే నిలబడేది. వెనక జాలాడి, అంటే అంట్లు తోమే చోటు, అక్కడి నీళ్లు పగుళ్లలో దిగి నేరుగా వంటింటి గోడ పునాదికి. పైగా పెరడంతా కడప బండలు పరిచి సందులు సిమెంట్‌తో పూడ్చేసినాం, భూమిలో తేమ పైకి రాలేక గోడ పట్టుకొని ఎక్కుతాంది. ఇన్ని పెట్టుకొని పాపం వరద మీద నెట్టేసినాం. వరదది కూడా కొంచెం ఉందిలెండి, అది వదిలిపోయిన ఉప్పు గోడలో ఉంటే వానాకాలం గాల్లోని తేమని కూడా లాక్కుంటాది.

చేసిన పనులు గబగబా చెప్తా. జాలాడి గోడకి దూరంగా మార్చినాం. గోడ వెంబడి ఒక వరస బండలు తీసేసి అడుగు లోతు కాలవ తవ్వి కంకర నింపినాం, పునాది కింది అంచు కంటే లోతుకి మాత్రం పోగూడదు, పునాది వదులైతాది. ముందు వైపు నీళ్లు పక్కకి జారేటట్టు వాలు పెట్టినాం. గోడకి రంధ్రాలేసి కెమికల్ ఎక్కిస్తాం అని ఒకాయన వచ్చినాడు, ఇటుక గోడకైతే వరసలు తిన్నగా ఉంటాయి కాబట్టి ఆలోచించొచ్చు, మా రాయి మన్ను గోడలో అది యాడికి పోతాదో దేవుడికే తెల్సు, వద్దన్నా.

ఇంక సిమెంట్ పూత, టైల్స్ మొత్తం కొట్టించి గోడని అట్లే బట్టలిప్పి వదిలేసినాం. అంగుళం మందానికి ఒక నెల ఆరాల అని పాత లెక్క ఒకటుంది, మాకు అంత ఓపిక యాడిది, ఒక ఎండాకాలం మొత్తం ఆరబెట్టినాం. మన కర్నూలు ఎండ దేనికన్నా పనికొచ్చిందంటే దీనికే. తర్వాత సున్నం గార. బేల్దారి పెద్దాయన ఒకాయన దొరికినాడు, సున్నం రాళ్లు తొట్టిలో నానేసి రోజుల తరబడి ఉంచి, ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి తొక్కించినాడు. వేసినాక కూడా రోజూ నీళ్లు చిలకరించాల, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి నిదానంగా గట్టిపడతాది, తొందరపెడితే నెర్రెలు ఇస్తాది. పైన వెల్ల మాత్రమే, పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ కొట్టినారంటే మళ్లీ మొదటికే. సిమెంట్ కంటే ఖర్చు ఎక్కువ, టైమ్ ఇంకా ఎక్కువ, నునుపు రాదు, ఆనుకుంటే చొక్కాకి తెల్లగా అంటుతాది. అయినా ఒక వానాకాలం దాటింది, పైన అంతా పొడి. తొమ్మిది మార్కులు.

ఇప్పుడు మిద్దె. చౌడు మిద్దె గదుల్లో మే నెల మధ్యాహ్నం కూడా పడుకోవచ్చు, అంత మందం మట్టి దాటి వేడి కిందికి దిగేలోపల పొద్దు గూకుతాది. స్లాబ్ గదులు అట్ల కాదు, పగలంతా తాగిన ఎండని రాత్రి పది గంటలకి మన నెత్తిన కక్కుతాది, ఫ్యాను వేస్తే ఆ వేడే తిరుగుతాది. సగం స్లాబ్‌కి తెల్ల కూల్ రూఫ్ కోటింగ్ వేసి సగం ఊరికే వదిలినా, మీకు చూపించేదానికే. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకి నా టెంపరేచర్ గన్‌లో ఉత్త స్లాబ్ 61, తెల్లది 44. చెప్పుల్లేకుండా నడిస్తే గన్ కూడా అక్కర్లేదు, ఇటు పక్క కాలు పెట్టి చూడండి, అబ్బా! పక్క తెలంగాణలో 2023లో దీనికి కూల్ రూఫ్ పాలసీ అనే పెట్టినారు. మైనస్ ఏందంటే దుమ్ము, మన ఊరి గాలికి రెండు నెలల్లో బూడిద రంగు, కడుగుతా ఉండాల. పగుళ్లు పూడ్చకుండా వేస్తే కూడా దండగ.

కింద థర్మాకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ వేయమన్నారు కొందరు. స్లాబ్ కాగిపోయినాక కింద అడ్డం పెట్టడం కన్నా ఎండ స్లాబ్‌ని తాకకుండా పైనే ఆపడం మేలు, పైగా థర్మాకోల్ నిప్పంటుకుంటే ఆగదు. డబ్బులుంటే స్లాబ్ పైన రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక, వేసి దాని మీద టైల్స్, అది నేను వేయలా కాబట్టి మార్కులు ఇవ్వను. కానీ ఒకటి, చౌడు మిద్దె మీద టైల్స్, సిమెంట్ కాంక్రీట్ పోయొద్దు. ఒక ఘనపు అడుగు మట్టే 45 కిలోల దాకా తూగుతాది, పాత దూలాలు ఇప్పటికే మోస్తాండాయి.

మీలో కొందరు చలికాలానికి హీటర్ గురించి అడిగినారు, మన చలికి గదికి హీటర్ అక్కర్లేదు, దుప్పటి చాలు. చలి మంట అని తలుపులు మూసి కుంపటి మాత్రం పెట్టుకోవద్దు, ప్రాణం పోతాది. గ్యాస్ గీజర్ కూడా బాత్రూమ్ లోపల వద్దు, ఒక కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైనే నీటి ఆవిరి వస్తాది, చెమ్మకి చెమ్మ, పొగకి పొగ.

మొదట చూపించిన ఉప్పు గోడ ఉంది కదా, అది హాల్లో రోడ్డు వైపు కింది అడుగున్నర. అది ఇంకా ఆరలా. రోడ్డు నేను దించలేను కాబట్టి దానికి గార వేయకుండా అట్లే వదిలి, ఉప్పు రాలినప్పుడల్లా పొడి బ్రష్‌తో ఊడుస్తాండా, నీళ్లతో కడగొద్దు, ఉప్పు మళ్లీ లోపలికి పోతాది. వచ్చే వానాకాలం అయినాక మళ్లీ కవరు అతికించి చూపిస్తా. ఉండండి, వెనక గదిలో కూలర్ సౌండ్ వస్తాంది... అమ్మా, కిటికీ తీసినావా?